తాళపుచెవి పద్నాలుగో నంబరు ఇంట్లో

మా ఊరు రొక్కమాల్వాకు కొండెక్కి వచ్చేవాళ్లంతా ముందు నా కొట్టుకే వస్తారు. కొట్టు బోర్డు మీద "ఉప్పు, పొగాకు" అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. వాళ్లకు ఉప్పూ అక్కర్లేదు, పొగాకూ అక్కర్లేదు. ఒక్క తపాలా బిళ్ల కొని ఆరు ప్రశ్నలు అడుగుతారు. చర్చి ఎందుకు మూసి ఉంది? మ్యూజియం ఎందుకు మూసి ఉంది? బురుజు ఎప్పుడు తెరుస్తారు? చర్చి తలుపు మీద "తాళపుచెవి పద్నాలుగో నంబరు ఇంట్లో" అని బండంత అక్షరాలతో రాసిపెట్టి ఉంది కదా, మీరు చదువుకున్నవాళ్లే కదా అని అరవాలనిపిస్తుంది. అరిచిన రోజులు కూడా ఉన్నాయి.

పద్నాలుగో నంబరు ఇల్లు జెలిందా బ్రకలెంతిది. ఆవిడకు డెబ్బయ్యారేళ్లు, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. చిన్నప్పట్నుంచీ అక్కా అనే పిలుస్తాను. సాంత అపొలోనియా చర్చి, మున్సిపాలిటీ ఆఫీసు మీద ఉన్న రెండు గదుల మ్యూజియం, వీధి చివరి బురుజు, మూడింటి తాళపుచెవులూ ఆవిడ నడుముకే వేలాడుతుంటాయి. ఆవిడకు ముందు ఆవిడ తల్లి నడుముకు, అంతకుముందు అమ్మమ్మ నడుముకు వేలాడేవి. చర్చి చెవి ఒక్కటే మూరెడు ఉంటుంది. దానికి నకలు తీయిద్దామని ఓసారి ఫాదర్ ఉబాల్దో కింద ఊరి నుంచి తాళాల మేస్త్రీని పిలిపించాడు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఫాదర్, ఇది తాళపుచెవి కాదండీ, గునపం," అని దండం పెట్టి వెళ్లిపోయాడు.

బ్రకలెంతి వాళ్ల ముక్కు సంగతి చెప్పకుండా ఈ కథ ముందుకు నడవదు. కనుబొమల మధ్య నుంచి అది బుద్ధిగానే బయల్దేరుతుంది. సగం దారిలో గూను పడుతుంది. అక్కణ్నుంచి కొడవలిలా కిందికి వంగిపోతుంది. జెలిందక్క అమ్మమ్మకూ అదే ముక్కు, తల్లికీ అదే ముక్కు. జెలిందక్క ముక్కు సూటిగా లేదు గానీ మనిషి మాత్రం ముక్కుసూటి.

ఎవరైనా వచ్చి గంట కొడితే మేడ మీది కిటికీ తెరుచుకుని ముందు ఆ ముక్కు బయటికొస్తుంది. తరవాత "వస్తున్నా!" అని కేక వస్తుంది. ఆ తరవాత ఏమీ రాదు. పొయ్యి మీద పాస్తా నీళ్లలో వేసి ఉంటే రోము నుంచి పోపు గారొచ్చినా ఆవిడ దిగదు. పాస్తా లేకపోతే కాఫీ ఉంటుంది. కాఫీ అయిపోతే జుట్టు దువ్వుకోవాలి. తాళపుచెవులు పట్టుకుని గౌరవంగా దిగాలి కదా, చెదిరిన జుట్టుతో చర్చిలో పునీతుల ముందుకు పోతామా అంటుంది. ఈలోపు గంట కొట్టినవాళ్లు మెట్ల మీద కూర్చుని, లేచి, వీధంతా తిరిగి, చివరికి నా కొట్టుకొస్తారు. వాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది నేను.

దిగిందంటే మాత్రం ఆవిడ చూపించే పద్ధతే వేరు. మ్యూజియంలో బిషప్ గారి చెప్పు ఒకటుంది, ఒక్కటే. "రెండోది ఏదమ్మా?" అని ఎవరో ఒకరు అడక్క మానరు. "ఆయన వేసుకుపోయాడు," అంటుంది. రాతి సింహం ఒకటుంది, వెనక సగమే. "ముందు సగం పక్క ఊళ్లో ఉంది. వాళ్లకు కరిచే పని ఎక్కువ, అందుకే ఇచ్చాం," అంటుంది. బురుజు ఎక్కేవాళ్లను మాత్రం మెట్ల దగ్గరే ఆపి, "నూట నలభై మెట్లు. పైనుంచి కనపడేది మా ఇంటి కప్పే. అది కిందనుంచి చూసినా ఒకటే," అని వెనక్కి పంపేస్తుంది. చర్చిలో మాత్రం ఆ హుషారు ఉండదు. గొంతు తగ్గుతుంది. ఎడమ పక్కకే తీసుకెళ్తుంది, కుడి పక్క నేల తడిగా ఉంది, జారుతుంది జాగ్రత్త అంటుంది. నా అరవైనాలుగేళ్ల జీవితంలో ఆ నేల తడిసింది ఎప్పుడూ చూడలేదు.

అసలు సంగతి ఆ కుడి పక్కనే ఉంది. చర్చి గోడ మీద తీర్పుదినం బొమ్మ ఉంది. ఐదువందల యాభై ఏళ్ల కిందట ఊళ్లు తిరిగే చిత్రకారుడెవరో వేశాడు, పేరు ఎవరికీ తెలియదు. ఎడమ వైపు స్వర్గం, కుడి వైపు నరకం. స్వర్గంలో ఉన్నవాళ్లందరికీ ఒకే ముఖం. నరకంలో ఉన్నవాళ్లు మాత్రం అచ్చం మా ఊరివాళ్లు. అచ్చం నాలాగే డొప్ప చెవులున్నవాడొకడు నూనె బానలో కాగుతున్నాడు. నాకేం బాధ లేదు, మా వంశంలో అంతకంటే తగినవాళ్లు చాలామందే ఉన్నారు.

కుడి మూలన, కింద, మనిషి నడుమెత్తులో ఒక దయ్యం ఒక ఆడమనిషిని జుట్టు పట్టుకుని ఈడుస్తుంటుంది. ఆ ఆడమనిషికి బ్రకలెంతి ముక్కు ఉంది. గూనూ అదే, వంపూ అదే. చేతిలో నల్లగా గుండ్రంగా ఏదో ఉంది. అది రొట్టె అని ఊరంతా ఏనాడో తేల్చేసింది. శత్రువులు ఊరిని చుట్టుముట్టిన కరువు రోజుల్లో ఒక రొట్టెలావిడ పిండిలో రంపపు పొట్టు కలిపి అమ్మిందట. ఆవిడే ఈవిడట. బొమ్మ కింద రెండు వరుసల రాత ఉంది గానీ కొవ్వొత్తుల మసి, దాని మీద ఎప్పుడో కలరా ఏడాది కొట్టిన సున్నం, మళ్లీ మసి పట్టి ఒక్క అక్షరం కూడా కనపడదు.

ఆ మూలకు అడ్డంగా రేకు కూజా ఒకటి, అందులో కాగితం పువ్వులు, జెలిందక్క అమ్మమ్మ నాటి నుంచీ ఉన్నాయి. కానీ కూజా పెడితే ఊరి నోరు మూతపడుతుందా? అక్క బడికెళ్లే రోజుల్లో పిల్లలు ఆవిడ ఎదురుగా తమ రొట్టె ముక్క తీసి వాసన చూసి తినేవాళ్లట. ఎదురింటి పదకొండో నంబరు ఒత్తోరీనా పస్సలాక్వా ఇప్పటికీ అదే పని చేస్తుంది. డెబ్బయి నాలుగేళ్ల మనిషి, మోకాళ్లు వంగవు, చేతికర్ర లేనిదే గడప దాటదు. కానీ రొట్టెల కొట్లో జెలిందక్క కనపడితే చాలు, సంచిలోంచి రొట్టె తీసి ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపిరి పీలుస్తుంది.

మొన్న మార్చిలో ఆ గోడ బాగుచెయ్యడానికి పెద్ద ఊరి నుంచి లవీనియా అనే అమ్మాయి వచ్చింది. ముప్పయ్యేళ్లుంటాయి. పాత బొమ్మల మీద మసి తుడవడంలో పెద్ద చదువు చదివింది. ఫాదర్ ఆవిడను "డాక్టర్ లవీనియా" అని పరిచయం చేశాడు. ఇంకేముంది, మర్నాటి నుంచి ఊరి ముసలివాళ్లంతా మోకాళ్ల నొప్పులు చెప్పుకోవడానికి చర్చికి కట్టకట్టుకుని వచ్చారు. నేను గోడల డాక్టర్నండీ అని ఆ పిల్ల మొత్తుకుంది. "అయితే మా వంటింటి గోడ చూసి పోమ్మా, చెమ్మ ఎక్కుతోంది," అంది ఒత్తోరీనా.

ఆ వారమే నా కొట్లో అసలు గొడవ జరిగింది. జెలిందక్క ఉప్పు పొట్లం కోసం వచ్చింది. ఒత్తోరీనా తపాలా బిళ్ల కోసం వచ్చింది. ఒకరు లోపలుంటే ఇంకొకరు బయట నిలబడే అలవాటే వాళ్లిద్దరిదీ. ఆ రోజు వాన పడుతుండటంతో ఇద్దరూ లోపలే ఇరుక్కున్నారు.

"డాక్టరమ్మ ఆ రాత కూడా తుడుస్తుందటగా," అంది ఒత్తోరీనా, నాతో అన్నట్టు. "ఇన్నాళ్లకు తెలుస్తుంది, రొట్టెల్లో పొట్టు కలిపిందెవరో."

"నాతో చెప్పేది నా ముఖం చూసి చెప్పవే," అంది అక్క.

"నీ ముఖం చూడక్కర్లేదే తల్లీ. గోడ మీద చూసుకుంటున్నాంగా రోజూ."

అక్క ఉప్పు పొట్లం బల్ల మీద టపీమని పెట్టింది. నడుముకున్న చెవుల గుత్తి పైకెత్తి ఊపింది. "విను ఒత్తోరీనా. ఒరేయ్ ఫియొరవాంతే, నువ్వూ విను, సాక్షివి నువ్వే. ఆ రాతలో దొంగ అన్న మాట ఒక్కటి వచ్చిందా, ఈ గుత్తి తీసుకొచ్చి నీ ఒళ్లో పడేస్తా. దొంగ ఇంట్లో దేవుడి తాళం ఉండకూడదు. రాకపోతే మాత్రం, బతికున్నన్నాళ్లూ నువ్వు రొట్టె వాసన చూడకుండా తినాలి."

"ఒట్టా?"

"సాంత అపొలోనియా మీద ఒట్టు. మాట తప్పితే ఉన్న నాలుగు పళ్లూ ఊడిపోతాయి."

సాంత అపొలోనియా పళ్ల నొప్పులు చూసే తల్లి. మా ఊళ్లో ఆవిడ మీద ఒట్టు పెట్టినవాళ్లెవరూ తేలిగ్గా మాట తప్పరు. ఒత్తోరీనా ముఖం వెలిగిపోయింది. ఆ గుత్తి కోసం ఆవిడ ఎన్నేళ్లుగా కాచుకునుందో నాకు తెలుసు. నాకైతే ఒళ్లు మండిపోయింది. ఇద్దరికీ కలిపి నూట యాభై ఏళ్లు, పోట్లాడుకోవడానికి నా కొట్టే దొరికింది.

పని మొదలైంది. అయితే ఆ చర్చికి తూర్పు వైపు ఒకటే కిటికీ. నరకం మీద ఎండ ఏటవాలుగా పడేది పొద్దున ఏడు నుంచి పది దాకానే. మసి కింద గీతలు పట్టాలంటే ఆ వెలుగు తప్ప ఏ దీపమూ పనికిరాదని లవీనియా చెప్పింది. పాపం, ఆ పిల్ల రోజూ ఏడింటికల్లా దూది పుల్లల పెట్టె చంకన పెట్టుకుని పద్నాలుగో నంబరు గంట కొట్టేది. కిటికీలోంచి ముక్కు వచ్చేది. "వస్తున్నా!" అని కేక వచ్చేది. ఎనిమిది కొట్టేది. ఎనిమిదింపావు అయ్యేది.

"ఏం చేస్తోందండీ ఆవిడ లోపల?" అని నన్నడిగేది లవీనియా, నా కొట్టు గడప మీద కూలబడి.

"ఇప్పుడు కాఫీ అయి ఉంటుంది. దువ్వెన పట్టుకునుంటుంది."

"తాళపుచెవి నాకిచ్చెయ్యొచ్చు కదా? నేనే తలుపు తెరుచుకుంటాను కదా?"

"అడిగి చూడమ్మా."

అడిగింది. "నా ఒంటి మీంచి అది దిగేది నన్ను పెట్టెలో పెట్టిన రోజే," అని జవాబు వచ్చింది. చూస్తుండగానే ఏప్రిల్ అయిపోయింది, మే వచ్చేసింది. లవీనియా ముందు నల్లటి మూల మొత్తం పలచన చేసి, తరవాత రాత దగ్గరికి వచ్చింది. రోజుకు దొరికేది రెండు గంటల వెలుగే కాబట్టి రోజుకు నాలుగైదు అక్షరాలు తేలడం కూడా కష్టంగా ఉంది. అక్క రోజూ చెవులు తిప్పి తలుపు తీసి, కళ్లు దించుకుని, ఆ మూలవైపు చూడకుండా తిరిగి వచ్చేసేది. ఎంత వచ్చిందని ఆ పిల్లను ఒక్కసారి కూడా అడగలేదు. నన్ను మాత్రం రోజుకు నాలుగు సార్లు అడిగేది.

మే నెల పదిహేడున మొదటి మాట పూర్తిగా బయటపడింది. వరుస మధ్యలో ఉన్న మాట అది. ముందూ వెనకా ఇంకా మసే. "దొంగిలించాను."

ఊళ్లో ఆ కబురు నాకంటే ముందు అందరికీ తెలిసిపోయింది, అదొక్కటే నాకు ఆశ్చర్యం. ఫాదర్ తల గోక్కుంటూ నిలబడ్డాడు. లవీనియా, "ఇంకా చాలా రాత ఉందండీ, ఇప్పుడే ఏమీ అనుకోకండి," అని అందరి వెంటా పడి చెప్పింది. ఎవరు వింటారు? చెప్పడానికి నేనే వెళ్లాను పద్నాలుగో నంబరుకు. అక్క తలుపు దగ్గరే నిలబడి ఉంది. నా ముఖం చూడగానే నడుముకున్న తాడు ముడి విప్పడం మొదలుపెట్టింది. ముడి చాలా పాతది, వేళ్లకు రాలేదు. చివరికి కూరగాయల కత్తితో కోసింది.

"అక్కా, ఆ పిల్ల ఆగమంటోంది."

"ఒట్టు పెట్టాను రా. తప్పుకో."

గుత్తిని రెండు చేతులతో పట్టుకుని, నడివీధిలోంచి, అందరూ చూస్తుండగా ఆరడుగులు నడిచి పదకొండో నంబరు ముందు నిలబడింది. ఒత్తోరీనా కుర్చీలో కూర్చునే ఉంది. చెప్పినట్టే గుత్తి ఆవిడ ఒళ్లో వేసింది. అక్క వెనక్కి వచ్చి కిటికీ తలుపులు మూసుకుంది. ఆ రోజు రొట్టె వాసన చూడటానికి ఎవరికీ మనసు రాలేదు.

ఒత్తోరీనా గురించి న్యాయంగానే చెప్పాలి. పనిలో ఆవిడకు వంక పెట్టలేం. ఆరున్నరకే చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చి చర్చి తలుపు తీసేది. లవీనియా వచ్చేసరికి తలుపు బార్లా తీసి, గుమ్మం ఊడ్చి, నీళ్లు చల్లి ఉండేది. మ్యూజియం కూడా చెప్పిన గంటకు తెరిచేది. అయితే చూపించడం రాదు. బిషప్ గారి రెండో చెప్పు ఏదని అడిగితే "తెలియదు" అనేది. సింహం ముందు సగం ఏదని అడిగితే "లేదు" అనేది. జనం ఐదు నిమిషాల్లో బయటికొచ్చి, ఇంకేం ఉంది ఈ ఊళ్లో అని నా కొట్టుకే వచ్చేవాళ్లు. నా ప్రాణానికి ఒత్తోరీనా ఇంకా పెద్ద శత్రువైపోయింది.

నాలుగో రోజు ఉప్పు పొట్లం వంకతో పద్నాలుగో నంబరు మెట్లెక్కాను. అక్క వంటింట్లో చీకట్లో కూర్చుని ఉంది. నడుము దగ్గర చెయ్యి పెట్టుకుంటుంది, ఏమీ తగలదు, తీసేస్తుంది.

"ఉప్పు తెచ్చా."

"మొన్న కొన్న ఉప్పే ఉంది కదరా." తరవాత తనే లేచి, సొరుగు లాగి, వార్తాపత్రికలో చుట్టిన ఫొటో ఒకటి నా ముందు పెట్టింది. "ఎవరికీ చూపించలేదిది. నజ్జరేనోకు కూడా సరిగ్గా చూపించలేదు."

పెళ్లి ఫొటో అది. సాంత అపొలోనియాలో తీసింది. నజ్జరేనో బావ, పోయి ఎనిమిదేళ్లయింది, నల్ల కోటులో నవ్వుతున్నాడు. తెల్ల గౌనులో అక్క పక్కకు తిరిగి ఉంది. కాగితం పువ్వులు పెళ్లి కోసమని తీసేసినట్టున్నారు, ఆవిడ మోచేతి పక్కనే గోడ మీద దయ్యం చేతిలో జుట్టుతో ఆ ఆడమనిషీ పక్కకే తిరిగి ఉంది. రెండు ముక్కులూ ఒకే వంపున, ఒకే వైపు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాను.

"నవ్వరా, నవ్వు. ఫొటో తీసినవాడు కూడా నవ్వాడు," అంది అక్క. "తొమ్మిదేళ్లప్పుడు పూజ మధ్యలో చూశాను నేను దాన్ని మొదటిసారి. అమ్మా, అమ్మమ్మ గోడ మీద ఉందే అని అరిచాను. అమ్మ నా నోరు మూసి బయటికి లాక్కుపోయి కొట్టింది. తరవాత నన్ను పట్టుకుని ఏడ్చింది. రోజూ చర్చి ఊడ్చేది కదా, ఆ మూల మాత్రం కళ్లు మూసుకుని ఊడ్చేదిరా. పోయే ముందు కూడా అదే అంది, కూజా జరపకే, జెలిందా, అని. ఇప్పుడు ఎవరో జరిపేశారు, చూడు."

ఉప్పు పొట్లం అక్కడే పెట్టి వచ్చేశాను.

కానీ ఒత్తోరీనా తొందర ఎంత పని చేసిందో ఆవిడకే తెలియదు. ఆరున్నరకే తలుపు తెరుచుకోవడంతో లవీనియాకు మూడు గంటల వెలుగూ పూర్తిగా దొరికింది. వారాలు పట్టాల్సిన పని తొమ్మిది రోజుల్లో అయిపోయింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆ పిల్ల నా కొట్లోకి పరిగెత్తుకుంటూ వచ్చింది. మొహమంతా మసి, కళ్లలో నీళ్లు. ఏడుస్తోందనుకుని కుర్చీ వేశాను. తీరా చూస్తే నవ్వుతోంది.

"జెలిందమ్మను పిలవండి. ఆవిడ వచ్చేదాకా ఎవరికీ చదవను," అంది.

నేను పద్నాలుగో నంబరు గంట కొట్టాను. కిటికీ సగం తెరుచుకుంది.

"రాత మొత్తం వచ్చింది, దిగక్కా!"

"ఇప్పుడే పాస్తా వేశాను."

"ఆర్పేసి రా!"

కిటికీలో ఆ ముక్కు ఒక్క క్షణం కదలకుండా ఉంది. తరవాత మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడింది. పాస్తా నీళ్లలో వదిలేసి బ్రకలెంతి జెలిందా వీధిలోకి వచ్చింది, జుట్టు కూడా దువ్వుకోలేదు. చూస్తున్నవాళ్లంతా ముక్కు మీద వేలేసుకున్నారు.

చర్చిలో మేం ఐదుగురమే. ఫాదర్, లవీనియా, నేను, గుత్తి పట్టుకుని ఒత్తోరీనా, తలొంచుకుని అక్క. ఆ మూల ఇప్పుడు తెల్లగా కడిగిన ముఖంలా ఉంది. లవీనియా ముందు ఆ ఆడమనిషి చేతిని చూపించింది. నల్లగా గుండ్రంగా ఉన్నదాని మసి పోయింది. అది రొట్టె కాదు. ఇనప కడియం. ఆ కడియానికి మూరెడు తాళపుచెవి వేలాడుతోంది.

"ఇది చదువుతున్నాను, వినండి," అంది లవీనియా. పాత భాషలో ఉన్నదాన్ని మెల్లగా మా మాటల్లోకి తిప్పి చెప్పింది. "'నా పేరు బెన్వెనూతా. ఈ తలుపు తాళపుచెవి నా నడుముకు ఉండగా, ఈ బొమ్మలు వేసినవాడి పొద్దుటి వెలుగును నేను దొంగిలించాను. వస్తున్నా, వస్తున్నా అంటూ రెండువందల పన్నెండు పొద్దులు వాణ్ని వానలో నిలబెట్టాను.'"

బెన్వెనూతా అంటే మా భాషలో 'స్వాగతం' అని. ఫాదర్ ముందు దగ్గాడు. దగ్గు అనుకున్నాను గానీ అది నవ్వు. ఇంక అందరం అందుకున్నాం. లవీనియా గోడకు ఆనుకుని జారిపోయింది. "నేను నలభై ఒక్క పొద్దులు లెక్కపెట్టానండీ," అంది. "నా చేతిలో కుంచె ఉంటే నేను కూడా వేసేసేదాన్నే!"

అక్క నవ్వలేదు. వంగి ఆ ముఖంలోకి చూసింది. పుట్టిన దగ్గర్నుంచీ అంత దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. చెయ్యి చాచింది. "ముట్టుకోకండి!" అని లవీనియా అరిచింది. చెయ్యి వెనక్కి తీసుకుని నడుము దగ్గర పెట్టుకుంది, చెవులు ఉండే చోట. "రొట్టె కాదే అమ్మా," అంది గోడతో. "పొట్టు కాదు, దొంగతనం కాదు. ఆలస్యమేనే. ఇంతోటి ఆలస్యానికా నువ్వు కళ్లు మూసుకుని ఊడ్చావు?" అని భోరున ఏడ్చింది. నా నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

ఒత్తోరీనా ఇంతసేపూ కళ్లద్దాలు పెట్టుకుని బొమ్మను పరీక్షిస్తోంది. గొంతు సవరించుకుంది. "పేరైతే ఉంది గానీ ఇంటిపేరు లేదుగా, ఫాదర్?"

"లేదమ్మా."

"చర్చికి ఎదురుగా మా ఇల్లూ ఉంది. ఆ రోజుల్లో చెవులు మా ఇంట్లో ఉన్నాయేమో, ఎవరికి తెలుసు?" అని తన ముక్కు రెండు వేళ్లతో పట్టుకుని చూసుకుంది. "మా నాన్న వైపు కాస్త గూను ఉండేదని చెప్పేవాళ్లు."

అక్క ఏడుపు టక్కున ఆగింది. "ఏంటే? నీదా? నీది బంగాళాదుంప ముక్కు! ఐదువందల ఏళ్లు మాదేనని దెప్పి, ఇప్పుడు మీదంటావా?"

"నిజం ఎవరిదైనా నిజమే కదే."

ఇక నేనే కల్పించుకున్నాను. ఇక ఆగుదామన్నా నావల్ల కాలేదు. "ఒత్తోరీనమ్మా, తొమ్మిది రోజుల నుంచీ తలుపు ఎన్నింటికి తీస్తున్నావు?"

"ఆరున్నరకు. ఒక్క నిమిషం ఆలస్యం లేదు, డాక్టరమ్మనే అడుగు."

"నీ జన్మలో ఎప్పుడైనా, ఎక్కడికైనా, ఒక్కసారి ఆలస్యంగా వెళ్లావా?"

"అంత సిగ్గులేని పని నేనెందుకు చేస్తాను?"

"మరి ఆవిడ నీకేమవుతుందమ్మా? ఏ మొహం పెట్టుకుని చుట్టరికం కలుపుకుంటావు?"

ఒత్తోరీనా గోడ మీది ముఖం చూసింది, అక్క ముఖం చూసింది. తరవాత కర్ర చంకన పెట్టుకుని, రెండు చేతులతో గుత్తి ఎత్తి అక్క చేతిలో పెట్టింది. "బరువుగా ఉంది," అంది. "నా నడుము పడిపోయింది తొమ్మిది రోజులకే. నువ్వే మోసుకో." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "రొట్టె వాసన చూడను లే ఇంక. అలవాటు పోవడానికి కాస్త టైము పడుతుంది."

"చూసుకో," అంది అక్క, ముక్కు చీదుకుంటూ. "మంచి రొట్టె వాసన బాగానే ఉంటుంది."

ఆ రోజు ఇంటికెళ్లేసరికి పాస్తా గంజిలా అయిపోయింది. దాన్నే తింది. నాక్కూడా ఒక పళ్లెం పెట్టింది. మా ఊళ్లో అలా మెత్తగా చితికిన పాస్తా తిన్నవాళ్లు నాకు తెలిసి మేమిద్దరమే.

రేకు కూజా ఇప్పుడు ఆ మూలన లేదు. మర్నాడే అక్క దాన్ని రుద్ది కడిగి, కాగితం పువ్వులు తీసేసి, తల్లి సమాధి దగ్గరికి తీసుకెళ్లింది. అందులో నిజం పువ్వులే పెడుతోంది. చర్చికి వచ్చినవాళ్లను నేల జారుతుందని ఎడమ పక్కకు తోసుకుపోవడం లేదు. తిన్నగా నరకంలోకే తీసుకెళ్తుంది. తను ఆ బొమ్మ పక్కన పక్కకు తిరిగి నిలబడి, వచ్చినవాళ్లు చూసి, మళ్లీ చూసి, నోళ్లు తెరిచేదాకా కదలదు. లవీనియా పని జూన్ చివరికి పూర్తయింది. వెళ్లే రోజు, తీసిన మసిలోంచి చిటికెడు సీసాలో పోసి అక్కకు ఇచ్చి వెళ్లింది.

నిన్న పొద్దున ఉప్పు పొట్లం ఇవ్వడానికి మెట్లెక్కాను. ఈసారి నిజంగానే ఉప్పు అడిగింది. వంటింట్లో పొయ్యి పైన పెళ్లి ఫొటో వేలాడుతోంది. పెళ్లయిన యాభైమూడేళ్లకు గోడకెక్కింది. నజ్జరేనో బావ నవ్వు, అక్క ముక్కు, వెనక ఆ ముక్కు. అద్దం తళతళలాడుతోంది.

"ఎవరైనా అడిగితే ఏం చెప్తావక్కా, వెనకున్నావిడ ఎవరని?"

"మా అమ్మమ్మకు అమ్మమ్మకు అమ్మమ్మ. నా పెళ్లికి వచ్చింది," అంది. "అదీ టైముకే."

కింద గంట మోగింది. నేను కిటికీలోంచి తొంగి చూశాను. వీపున సంచులతో పదిమంది దాకా ఉన్నారు, ఎండలో నిలబడి పైకి చూస్తున్నారు. అక్క లేచి, నన్ను పక్కకు జరిపి, కిటికీలోంచి ముక్కు బయటపెట్టింది.

"వస్తున్నా!" అని కేకేసింది.

తరవాత వచ్చి తాపీగా కూర్చుని, నా కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది.